గలిలయ ఒడ్డున కొత్త ఏడాది

డిసెంబర్ 31 మధ్యాహ్నం మా బృందం యెరూషలేంలో సీయోను కొండ తూర్పు వాలు మీదున్న సెయింట్ పీటర్ గల్లికాంటు చర్చికి వెళ్లింది. ప్రధాన యాజకుడు కయప ఇల్లు ఇక్కడే ఉండేదని చాలామంది నమ్మకం. చర్చి గత శతాబ్దంలో కట్టిందే గానీ, పక్కనే లోయలోకి దిగే రాతి మెట్లు మాత్రం చాలా పాతవి. గెత్సేమనే తోటలో పట్టుకున్నాక యేసును ఈ దారినే తెచ్చి ఉంటారని చెబుతారు. ముంగిట్లో యేసు శిష్యుడు పేతురు, దాసి, సైనికుడి విగ్రహాలు, వాళ్ల మధ్య స్తంభం మీద కోడి. చలి కాచుకుంటూ, తన ప్రభువును ఎరగనని కోడి కూసేలోపు పేతురు ముమ్మారు అన్న చోటు.

అక్కడ నిలబడితే మా అన్నయ్యే గుర్తొచ్చాడు. నాన్న ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ వాడు రాలేదు, ఫోన్ ఎత్తలేదు. "పెద్దోడు వచ్చాడా?" అని నాన్న అడుగుతూనే వెళ్లిపోయారు. ఆ తర్వాత మా ఇద్దరి మధ్యా మాటల్లేవు.

ఆ రాత్రి హోటల్ హాల్లో ప్రార్థనలతో పాత సంవత్సరాన్ని సాగనంపాం. పన్నెండు దాటాక అందరం కలిసి పరలోక ప్రార్థన చెప్పాం. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము", అంటే మాకు తప్పు చేసినవాళ్లను మేం క్షమించినట్టే, అన్నచోట నాకు గొంతు పెగల్లేదు. పక్కనున్న పెద్దావిడ గమనించి నా చెయ్యి పట్టుకున్నారు. ఏమైందని అడగలేదు. ఆవిడకు నేనెంతో రుణపడి ఉన్నాను.

పొద్దున్నే యొర్దాను లోయ మీదుగా గలిలయకు బయల్దేరాం. జనవరి 1 అక్కడ మామూలు పనిదినమే. యూదుల కొత్త ఏడాది సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తుంది. దారిలో బడి పిల్లలు బస్సుల కోసం ఎదురుచూస్తూ కనిపించారు.

గలిలయ సముద్రం నిజానికి మంచినీటి సరస్సు, సముద్ర మట్టానికి 200 మీటర్లకు పైగా దిగువన ఉంటుంది. దాని ఒడ్డున తబ్గాలో, 1933లో నల్లరాతితో కట్టిన చిన్న చర్చి ఉంది. లోపల బలిపీఠం ముందు నేలలోంచి పైకి లేచిన పెద్ద బండ. పునరుత్థానం తర్వాత యేసు శిష్యులకు భోజనం పెట్టింది దీని మీదేనని సంప్రదాయం. మోకరించి చెయ్యి ఆనించాను. చల్లగా, ఎగుడుదిగుడుగా ఉంది.

బయట గులకరాళ్ల మీద కూర్చుని యోహాను సువార్త 21వ అధ్యాయం చదువుకున్నాం. ఎన్నోసార్లు విన్నదే, కానీ ఆ రోజు నన్ను పట్టుకుంది యేసు అడగని ప్రశ్న. "ఆ రాత్రి నన్నెందుకు ఎరగనన్నావు?" అని ఆయన ఒక్క మాట అనలేదు. ముందు నిప్పుల మీద చేపలు కాల్చి, రొట్టె ఇచ్చి, తినమన్నాడు. వాళ్లు తిన్నాకే "నన్ను ప్రేమిస్తున్నావా?" అని అడిగాడు, అదీ మూడుసార్లు. మూడోసారికి పేతురు నొచ్చుకున్నాడని రాసి ఉంది. అంటే తప్పును చూసీ చూడనట్టు వదిలేయలేదు. కానీ ప్రతి జవాబు తర్వాతా ఆయన చేసింది పని అప్పగించడం. తన గొర్రెలను కాయమన్నాడు. తనను కాదన్నవాడి మీదే అంత బరువు పెట్టాడు!

క్షమించడమంటే కోపం చల్లారడమేనని చాలామందిమి అనుకుంటాం. అన్నయ్య మీద నా కోపం కొంత చల్లారింది కూడా. అయినా మా ఇంట్లో వాడికంటూ ఒక చోటు లేదు, వాడు చేయాల్సిన పనీ లేదు. పేతురుకు దొరికింది సరిగ్గా అదే. దాంతోనే అతను మళ్లీ మనిషయ్యాడు.

ఆ సాయంత్రమే అన్నయ్యకు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు. "నాన్న జ్ఞాపకార్థ కూడికలో ప్రార్థన నువ్వే చేయాలి" అన్నాను. చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. "నేనా? నాకేం అర్హత ఉందిరా?" అన్నాడు చివరికి. "పెద్దకొడుకువి నువ్వేగా" అన్నాను. ఏడుస్తున్నాడని తెలుస్తూనే ఉంది. నాకూ ఏడుపొచ్చింది. ఎన్నాళ్లనుంచో గుండెల మీదున్న బరువు దిగినట్టయింది.

ఆసుపత్రి రోజుల గురించి మేమింకా మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవాలి. కూడికకు ముందురోజే వస్తానన్నాడు.