ఉయ్యాల పాట వెతుక్కుంటూ కర్విరాల కొత్తగూడేనికి

తెలంగాణ సాయుధ పోరాట యోధురాలు మల్లు స్వరాజ్యం 2022 మార్చి 19న కన్నుమూశాక దేహాన్ని మా నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాలకు ఇచ్చారు. ఇక ఆమెను కలుసుకోవాలంటే పాట దగ్గరికే పోవాలనిపించింది. బతుకమ్మ రోజుల్లో పొద్దున్నే బస్సెక్కాను. సూర్యాపేట, అర్వపల్లి, తుంగతుర్తి, అక్కణ్నుంచి ఆటో. దారి పొడుగునా తంగేడు విరగబూసింది.

కర్విరాల కొత్తగూడెం ఆమె 1931లో పుట్టిన ఊరు. స్వరాజ్యం అనగానే తుపాకీ గుర్తొస్తుంది జనానికి. సర్కారు ఆమె తలకు 10,000 రూపాయలు వెలకట్టిందని, 1978లో, 1983లో తుంగతుర్తి ఎమ్మెల్యేగా గెలిచిందని చెప్తారు. భూస్వాముల ఇంట పుట్టిన ఆ పిల్ల వెట్టివాళ్ల గోసను ఉయ్యాల పాటలుగా కట్టి ఊరూరా పాడిన సంగతి మాత్రం ఒక్క ముక్కలో దాటేస్తారు. నాకు కావలసింది ఆ ముక్కే.

పొద్దుగూకే వేళ బతుకమ్మలను నడుమ పెట్టి ఆడవాళ్లు చుట్టూ చేరారు. ఒక పెద్దమ్మ పాట అందుకుంది. ఆమె ఒక మాట అనడం, అందరూ ‘ఉయ్యాలో’ అనడం. ఆ ఉయ్యాలో పలికేలోపే ఆమెకు తర్వాతి మాట నోటికొస్తోంది. చిన్నప్పటి నుంచీ ఆడినదాన్నే, ఈ కిటుకు ఎన్నడూ పట్టించుకోలేదు. చదువు రాకున్నా పాట కట్టొచ్చు, ఒక్కసారి విని నేర్చుకోవచ్చు. రాత్రి విన్నది తెల్లారి నాట్లేసేకాడ పాడుకోవచ్చు. సోదాకొచ్చిన పోలీసుకు కాగితం ముక్కైనా దొరకదు. స్వరాజ్యం ఈ బాణీనే ఎందుకు పట్టుకుందో ఆ చప్పట్ల మధ్య తెలిసొచ్చింది.

ఆట ఆగాక అడిగాను. “స్వరాజ్యమ్మ కట్టిన పాటేదన్న వస్తదా, పెద్దమ్మా?”

“ఆమె కట్టిందేదో, మా అమ్మ కలిపిందేదో ఎట్ల జెప్పాలె బిడ్డా? అన్నీ కలిసిపోయినయి.”

ఆ మాటకు సంతోషమేసింది, కడుపులో కలుక్కుమంది కూడా. ఇదే నేల మీద అదే పోరాటానికి పాటలు కట్టినవాళ్లలో సుద్దాల హనుమంతు పాటకు హనుమంతు పేరుంది, బండి యాదగిరి పాటకు యాదగిరి పేరుంది. ఉండాలి కూడా. ఆడవాళ్లు కట్టినవే పేరు లేకుండా ఎందుకు తిరగాలి? ఇకనైనా రాసుకోవాలి: ఏ ఊళ్లో విన్నాం, ఎవరి నోట విన్నాం, ఆమె ఎవరి దగ్గర నేర్చుకుంది.

ఫోను రికార్డులో పెట్టి పెద్దమ్మ ముందుంచాను. ముందు మీ అమ్మ పేరు చెప్పమన్నాను. కాసేపు నా మొహంలోకి చూసింది. కొంగు సర్దుకొని, అమ్మ పేరు, ఆ తర్వాత అమ్మమ్మ పేరు చెప్పి, పాట మొదలుపెట్టింది.