హిచ్ మనమే బిగించుకోవచ్చా? వ్యాన్ కింద ఆరు వారాలు

ఏప్రిల్ 5, శనివారం

ఈ వేసవికి పెరట్లో మూడు కొత్త మళ్ళు కడుతున్నాం. ఒక్కోటి 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అడుగు ఎత్తు. మూడూ నిండాలంటే 96 ఘనపుటడుగులు, అంటే మూడున్నర క్యూబిక్ యార్డులకు పైగా మట్టీ కంపోస్టూ కావాలి. నిరుడు ఒక్క మడికి సంచుల్లో తెచ్చాను. సీట్లు మడిచి టార్పాలిన్ పరిచినా ఆ ఎరువు వాసన జులై దాకా వ్యాన్‌ని వదల్లేదు. అందుకే ఈసారి చిన్న ట్రైలర్ కొందామనుకున్నాం. దానికి ముందు వ్యాన్‌కి హిచ్ ఉండాలి, అంటే ట్రైలర్‌ని తగిలించడానికి బండి వెనక కింద బిగించే ఇనుప చట్రం.

మేం ఉండేది న్యూజెర్సీలో, ఎడిసన్‌లో. వ్యాన్ 2015 మోడల్. మొదట చూసింది ఓనర్స్ మాన్యువల్. మా బండి 3500 పౌండ్ల దాకా లాగుతుందని ఉంది. ఈ అంకె మీ బండికి, మీ మోడల్ సంవత్సరానికి ఎంతో మాన్యువల్‌లోనే చూసుకోండి, పక్కింటివాళ్ళ బండిని చూసి అనుకోవద్దు. టయోటా సియెన్నానే తీసుకుంటే 2020 దాకా వచ్చిన వీ6 బండికి 3500 పౌండ్లు, 2021 నుంచి వస్తున్న హైబ్రిడ్‌కు 1500 పౌండ్లే. పేరు ఒకటే, లాగే బరువు సగానికన్నా తక్కువ. కొన్ని బండ్లకు ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌కి అదనపు కూలర్ పెట్టించాకే ట్రైలర్ తగిలించమని కూడా రాసి ఉంటుంది.

హిచ్‌లలో క్లాసులుంటాయి. క్లాస్ 1కి రిసీవర్ గొట్టం (బాల్ ఉన్న కడ్డీ గానీ సైకిల్ ర్యాక్ గానీ దూర్చే గొట్టం) అంగుళంపావు చదరం, 2000 పౌండ్ల దాకా. క్లాస్ 2కి అదే గొట్టం, 3500 దాకా. క్లాస్ 3కి 2 అంగుళాల గొట్టం, రేటింగ్ ఇంకా ఎక్కువ. నేను క్లాస్ 3 తీసుకుందామనుకుంటున్నాను. అలాగని బండి బలం పెరగదు. బండి, హిచ్, బాల్ (ట్రైలర్ మూతి వచ్చి కూర్చునే ఇనుప గుండు), ట్రైలర్, ఈ నాలుగింటిలో దేని అంకె తక్కువైతే అదే మన హద్దు. నాలుగు సైకిళ్ళు పట్టే ర్యాక్‌లు ఎక్కువగా 2 అంగుళాల గొట్టానికే వస్తాయి, పిల్లల కోసం ఆ సైజు ఎంచుకున్నాను.

షాపులో అడిగితే హిచ్, వైరింగ్ రెండూ బిగించడానికి కూలి 260 డాలర్లు చెప్పారు. సామాను ఖరీదు వేరే. నా దగ్గర టార్క్ రెంచ్ (మనం పెట్టిన బిగువు రాగానే టక్కుమనే పానా) లేదు, అది కొనాలి, ఇంకో రెండు మూడు పనిముట్లు కావాలి. అన్నీ పోను మిగిలేది 150 డాలర్లు. డబ్బు కోసమే అయితే ఈ పని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు, షాపుకి ఇచ్చేయడమే నయం. నాకు మాత్రం ఆ బోల్టులు ఒక్కొక్కటీ నా కళ్ళతో చూసి బిగించుకోవాలని ఉంది. వాటికి వేలాడే బరువు రోడ్డు మీద వెళుతున్నప్పుడు, దానికి ముందున్న వ్యాన్ సీట్లలో నా పిల్లలుంటారు.

ఏప్రిల్ 12, శనివారం

ఇంకా హిచ్ కొనలేదు. కొనే ముందే బండి కింద దూరి చూడాలి. వీడియోల్లో చూపించే బండ్లు ఎక్కువగా కొత్తవి, తుప్పు లేనివి. ఇక్కడ చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మా వ్యాన్ పది చలికాలాలు ఆ ఉప్పు నీళ్ళలో తిరిగింది.

వెనక చక్రాలను ర్యాంపుల మీదికి ఎక్కించి, హ్యాండ్ బ్రేక్ వేసి, ముందు చక్రాలకు చెక్క దిమ్మెలు అడ్డం పెట్టాను. ఉత్త జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి మాత్రం ఎప్పుడూ దూరకండి.

మా బండికి సరిపడే హిచ్‌కి ఫ్రేమ్‌లో రంధ్రాలు కొట్టే పని లేదు. అటు మూడు, ఇటు మూడు, మొత్తం ఆరు చోట్ల ఫ్రేమ్ గొట్టం లోపల నట్టులు కంపెనీలోనే వెల్డ్ చేసి ఉంటాయి. వాటిలోకి బోల్టు ఎక్కించడమే. వినడానికి చాలా తేలిక. చిక్కంతా ఆ నట్టుల దగ్గరే ఉంది. బోల్టు వంకరగా ఎక్కి పట్టేసి, మనం బలంకొద్దీ తిప్పామంటే వెల్డ్ ఊడిపోతుంది. ఆపైన నట్టు లోపల గిరగిరా తిరుగుతుంది. దాన్ని పట్టుకోవడానికి చెయ్యి పట్టదు, పానా పట్టదు. ఫ్రేమ్‌కి కిటికీ కోస్తే తప్ప దారి ఉండదు. షాపుకి ఇవ్వాలా, మనమే చేసుకోవాలా అన్న ప్రశ్నకి జవాబు ఈ ఆరు నట్టుల్లోనే ఉందని వెల్లకిలా పడుకుని చూస్తుంటే నాకు అర్థమైంది.

టార్చి వేసి ఒక్కో రంధ్రం చూశాను. ఎడమ పక్క మూడింటిలో మరలు కనబడుతున్నాయి, మీద పసుపు పూసినట్టు పల్చని తుప్పు. కుడి పక్క సైలెన్సర్ పైన ఉన్న మూడింటిలో రెండు ఫరవాలేదు. చివరిదాంట్లో మరే కనబడలేదు. చిటికెన వేలు పెడితే గరుగ్గా, ఎండిన మట్టి తగిలినట్టు తగిలింది. వేలు తీస్తే గోరు కింద కాఫీ పొడిలాంటి తుప్పు.

తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో ఫ్రేమ్ పొడుగునా కొడుతూ వచ్చాను. కుండ మంచిదో కాదో వేలితో కొట్టి చూస్తామే, అలాగే. అంతటా ఖంగుమంది. ఎక్కడైనా మొద్దుగా మోగినా, పెచ్చులు రాలినా ఈ ఆలోచనే మానుకుని, ఫ్రేమ్ తెలిసిన మనిషికి ముందు చూపించేవాణ్ణి.

నాకు నేనే ఒక షరతు పెట్టుకున్నాను. ఆరు నట్టుల్లోకీ బోల్టు ఉత్త చేత్తో ఐదు చుట్లు ఎక్కాలి. ఒక్కటి ఎక్కకపోయినా షాపుకే.

ఏప్రిల్ 19, శనివారం

వారమంతా రోజూ రాత్రి ఆ రంధ్రాల్లోకి తుప్పు వదిలించే పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టాను. పొద్దున సీసాలు కడిగే బ్రష్ లాంటి సన్న ఇత్తడి బ్రష్‌తో తోమాను. కళ్ళద్దాలు తప్పనిసరి, పైనుంచి రాలే తుప్పంతా మొహం మీదే పడుతుంది.

కావాల్సిన బోల్టులు ఎం12, అంటే 12 మిల్లీమీటర్ల లావు, మరకీ మరకీ మధ్య 1.25 మిల్లీమీటర్లు. ఆ సైజు బోల్టు ఒకటి విడిగా తెచ్చి ఎక్కించి చూశాను. ఐదింటిలోకి సాఫీగా వెళ్ళింది. ఆరోదాంట్లో ఒకటిన్నర చుట్టు తిరిగి ఆగిపోయింది. పానా వేయాలని చెయ్యి లాగింది. వేయలేదు.

ఏప్రిల్ 26, శనివారం

అదే సైజు ట్యాప్ కొన్నాను, 12 డాలర్లు. కొత్తగా మర కోసే పనిముట్టు ఇది, పాత మరను శుభ్రం చేయడానికీ పనికొస్తుంది. కానీ ఉన్న మర దారిలోనే పడాలి, లేకపోతే దాని పక్కన ఇంకో మర కోసేస్తుంది. మొదట వేళ్ళతో వెనక్కి తిప్పుతూ ఉంటే ఒక చోట టిక్కుమని కిందికి దిగినట్టు తెలుస్తుంది. అదే మర మొదలు. అక్కణ్ణుంచి అరచుట్టు ముందుకి, పావుచుట్టు వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడు నలిగిన తుప్పు విడిపోతుంది. ప్రతి రెండు చుట్లకీ ట్యాప్ బయటికి తీసి, గుడ్డతో తుడిచి, ఆయిల్ రాసి మళ్ళీ పెట్టాను. మొదటిసారి నల్లటి ముద్ద వచ్చింది. నాలుగోసారికి గోధుమ రంగు ఆయిల్. ఏడోసారి తీసినప్పుడు ట్యాప్ దాదాపు శుభ్రంగా వచ్చింది. ఒక్క నట్టుకి గంటా పది నిమిషాలు.

బోల్టు పెట్టి తిప్పాను. ఆరు చుట్లు, చేత్తోనే. అప్పుడు లోపలికి వెళ్ళి హిచ్ ఆర్డర్ పెట్టాను.

మే 3, శనివారం

హిచ్ వచ్చింది. 40 పౌండ్లు, అంటే 18 కిలోలు. చేతుల్లో పట్టుకుంటే బరువనిపించదు, పడుకుని గుండెల మీదుగా పైకి ఎత్తి రంధ్రాలకి సరిచూడాలంటే మాత్రం ఒక్కరివల్ల కాదు. మా వీధిలో ఉండే స్నేహితుణ్ణి పిలిచాను.

ముందు సైలెన్సర్ కిందికి దించాలి. అది రబ్బరు కొక్కేల మీద వేలాడుతుంది. వాటికి సబ్బు నీళ్ళు కొట్టి, మెలితిప్పుతూ లాగితే వస్తాయి. దించే ముందే కింద ఒక పట్టీ కట్టండి. గొట్టం తన బరువుకి తాను వేలాడితే ముందున్న అతుకుల మీద ఒత్తిడి పడుతుంది.

స్నేహితుడు హిచ్ ఒక కొస పట్టుకుంటే నేను రెండో కొస ఎత్తి ఆరు బోల్టులూ చేత్తో ఎక్కించాను. ఆరూ వదులుగా కూర్చున్నాకే ఒకటి తర్వాత ఒకటి బిగించాలి. ఒకటి ముందే బిగించేస్తే మిగతా రంధ్రాలు తప్పుతాయి. కిట్‌తో వచ్చిన కాగితంలో 86 ఫుట్-పౌండ్లు అని ఉంది. టార్క్ రెంచ్ టక్కుమన్న ప్రతి బోల్టు మీదా తెల్ల పెయింట్‌తో, సగం గీత తల మీద, సగం హిచ్ మీద పడేలా ఒక గీత గీశాను. బోల్టు వదులైతే ఆ గీత విరుగుతుంది, చూడగానే తెలుస్తుంది.

మూడు గంటలు పట్టింది. వీడియోలో ఇదే పని 20 నిమిషాలు.

మే 10, శనివారం

వారం మధ్యలో అమ్మ, నాన్న తెనాలి నుంచి వచ్చారు. ఇవాళ వైరింగ్‌కి నాన్న తోడున్నారు.

చిన్న ట్రైలర్లకు నాలుగు తీగల ప్లగ్ సరిపోతుంది. తెలుపు ఎర్త్, గోధుమ రంగు టెయిల్ లైట్లు, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. ఇక్కడి చిన్న ట్రైలర్లలో బ్రేక్‌కీ ఇండికేటర్‌కీ ఒకే బల్బు. మా వ్యాన్‌లో ఇండికేటర్ విడిగా, నారింజ రంగులో ఉంటుంది. ఆ రెండు సంకేతాల్ని ఒకే తీగలోకి కలిపే కన్వర్టర్ పెట్టాలి. తీగలు కత్తిరించి అతికే పని పెట్టుకోకుండా మీ బండి టెయిల్ ల్యాంప్ ప్లగ్ మధ్యలో దూరే కిట్ దొరికితే అదే కొనండి.

పాత ట్రైలర్ ఒకటి కొన్నాం, దాన్ని తగిలించి చూశాం. ఎడమ ఇండికేటర్ వేస్తే, "ఒరేయ్, రెండు పక్కలా మినుకుమినుకుమంటున్నాయి" అన్నారు నాన్న. ఎర్త్ సరిగా లేకపోతే ఇలాగే ఉంటుంది. తెల్ల తీగ బిగించిన స్క్రూ పెయింట్ మీద కూర్చుంది. గరుకు కాగితంతో పెయింట్ గీకి, మెరిసే ఇనుము కనబడ్డాక మళ్ళీ బిగించాను. "ఇప్పుడు ఎడమ ఒక్కటే" అన్నారు.

బాల్ సైజు ట్రైలర్ మూతి మీద అచ్చొత్తి ఉంటుంది. మాది 2 అంగుళాలు. దీనికన్నా కాస్త చిన్నదైన 1-7/8 బాల్ మీద కూడా ఈ మూతి కూర్చుంటుంది, లాక్ కూడా పడినట్టే ఉంటుంది. గుంటలో పడితే ఊడి వచ్చేస్తుంది. అంకె చదవకుండా తగిలించొద్దు. గొలుసులు రెండూ మూతి కింద అడ్డంగా ఒకదాన్నొకటి దాటేలా వేయాలి. మూతి ఊడినా నేలకి తగలకుండా ఆ గొలుసుల మీద ఆగుతుంది.

మే 17, శనివారం

మొదటి లోడు. నేనూ నాన్నా వెళ్ళాం. బాత్రూంలో బరువు చూసుకునే కాటా కూడా వ్యాన్‌లో పెట్టుకున్నాను.

ట్రైలర్ ఖాళీ బరువు 400 పౌండ్లు. ఒక యార్డు కంపోస్ట్ పోయించి అక్కడి కాటా మీద తూయిస్తే మొత్తం 1380. ఇందులో 10 నుంచి 15 శాతం, అంటే 138 నుంచి 207 పౌండ్ల దాకా బాల్ మీద మోపాలి. తక్కువైతే వేగం పెరిగేకొద్దీ ట్రైలర్ పాములా ఊగుతుంది, ఆ ఊగడం మన వ్యాన్‌ని కూడా లాగేస్తుంది. ఎక్కువైతే వ్యాన్ వెనక కుంగి ముందు చక్రాలు తేలికవుతాయి.

ట్రైలర్‌ని విప్పి, చక్రాలకు అడ్డం పెట్టి, కాటా మీద చెక్క దిమ్మె నిలబెట్టి, మూతిని బాల్ ఎత్తులోనే దాని మీద ఆనించాను. 85 పౌండ్లు చూపించింది.

అంకె చెప్పకముందే నాన్నకి తెలిసిపోయింది. "లోడంతా ఇరుసు వెనక పోశాడు. ఎడ్లబండికి ఇలా పోస్తే కాడి పైకి లేచి ఎడ్ల గొంతు పట్టేస్తుంది. బండి తోలేవాడు అందుకే ముందుకి జరిగి కూర్చుంటాడు" అన్నారు. నేను మాన్యువల్‌లో, పట్టికల్లో చదువుకున్నదంతా ఆయన మెడ మీద కాడి ఉన్న ఎద్దు వైపు నుంచి చెప్పారు.

ఇద్దరం పారలు తీసుకుని వెనకదంతా ముందుకి లాగాం. పావుగంట. మళ్ళీ కాటా పెడితే 165.

ఇంటికి 9 మైళ్ళు, హైవే ఎక్కకుండా, 40 దాటకుండా వచ్చాను. నాన్న దారంతా పక్క అద్దంలో ట్రైలర్ చక్రాన్నే చూస్తూ కూర్చున్నారు. మలుపుల్లో వ్యాన్‌కన్నా ట్రైలర్ చక్రం లోపలికి కోసుకుని వస్తుంది, కాబట్టి కాస్త వెడల్పుగా తిప్పాలి. బ్రేక్‌కి కూడా మామూలుకన్నా దూరం వదలాలి.

దిగగానే వ్యాన్ కింద చూశాను. ఆరు గీతలూ విరక్కుండా ఉన్నాయి. అయినా టార్క్ రెంచ్ వేసి చూస్తే ఆరోదానికి, ఆ గంటా పది నిమిషాలు పట్టినదానికే, టక్కుమనే ముందు వెంట్రుకవాసి కదలిక వచ్చింది. దాని పాత గీత చెరిపి కొత్తది గీశాను. ఇంకో మూడు లోడులున్నాయి, ప్రతి లోడు తర్వాతా దాన్ని చూస్తాను. మొదటి మడి దాదాపు నిండింది, అమ్మ అప్పుడే బీర గింజలు నానబెట్టింది.