ప్రొడక్షన్ ఆర్డర్ పేరున సరుకు పట్టి ఉంచడం: ఎప్పుడు, ఎంత, ఎప్పటిదాకా

స్టాక్ రిపోర్టులో 500 బ్రాకెట్లు కనిపిస్తాయి. 3వ రోజున మొదలయ్యే ఆర్డర్ కోసం లైన్ మీదికి 350 కావాలి. తీరా ఇష్యూ చేయబోతే, అంటే స్టోర్స్ నుంచి ఇవ్వబోతే, సాఫ్ట్‌వేర్ 200 మాత్రమే ఇస్తానంటుంది. మిగతా 300 ఇంకో ఆర్డర్ పేరున ఉన్నాయి, ఆ ఆర్డర్ మొదలయ్యేది 20వ రోజున. పైగా 12వ రోజున మరో 400 బ్రాకెట్లు రాబోతున్నాయి. రెండు ఆర్డర్లకూ కలిపి కావాల్సింది 650, చేతిలో ఉన్నవీ రాబోయేవీ కలిపితే 900. అంటే సరుకు కొరత అసలు లేనే లేదు. రిజర్వేషన్, అంటే సరుకును ఒక ఆర్డర్ పేరున పట్టి ఉంచడం, ముందుగా పడటం వల్లే కొరత పుట్టింది.

రిజర్వేషన్‌ను ఆటోమేట్ చేసేటప్పుడు చాలామంది మొదట ఆలోచించేది ‘ఎలా పెట్టాలి’ అని. అది సులువైన భాగం. ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు విడిపించాలి అన్న రెండింటి దగ్గరే ఫ్యాక్టరీ నడవడమో ఆగడమో తేలుతుంది.

చాలా సాఫ్ట్‌వేర్లలో దీనికి సెట్టింగ్ ముందే ఉంటుంది. ఒడూలో ఆపరేషన్ టైప్ దగ్గర మూడు దారులు: ఆర్డర్ కన్ఫర్మ్ కాగానే, చేత్తో, లేదా షెడ్యూల్ తేదీకి ఇన్ని రోజుల ముందు. డైనమిక్స్ 365లో ఎస్టిమేషన్, షెడ్యూలింగ్, రిలీజ్, స్టార్ట్ దశల్లో ఎక్కడ రిజర్వ్ కావాలో ఎంచుకోవచ్చు, వద్దనుకుంటే చేత్తో చేసుకోవచ్చు. ఎస్ఏపీలో ఆర్డర్ సృష్టించగానే రిజర్వేషన్ దానంతటదే పుడుతుంది. కానీ అక్కడది ‘ఇంత కావాలి’ అని నమోదు చేసే రికార్డు. నిజంగా దొరుకుతుందా లేదా అన్నది అవైలబిలిటీ చెక్ తేలుస్తుంది, ఆ చెక్‌ను ఆర్డర్ సృష్టించేటప్పుడు ఒకలా, రిలీజ్ చేసేటప్పుడు ఒకలా అమర్చుకోవచ్చు. ఒకే మాటకు ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో అర్థం కాబట్టి, మీ దగ్గర రిజర్వేషన్ అంటే సరుకుకు తాళం వేయడమా, కేవలం పేరు రాసుకోవడమా అన్నది ముందు తేల్చుకోండి.

పై ఉదాహరణలో మొదలయ్యే తేదీకి 5 రోజుల ముందు మాత్రమే రిజర్వ్ అయ్యేలా పెడితే, 3వ రోజు ఆర్డర్‌కు 350 పూర్తిగా దక్కుతాయి, 150 మిగులుతాయి. 12న 400 వచ్చి చేరతాయి. 15వ రోజున రెండో ఆర్డర్ ఆ 5 రోజుల గడువులోకి వచ్చేసరికి 550 ఉంటాయి, అందులోంచి 300 తీసుకుంటుంది. ఎవరూ ఆగలేదు.

ఆ 5 రోజులు అన్ని సరుకులకూ ఒకటే కానక్కర్లేదు. రెండు రోజుల్లో మళ్లీ తెప్పించుకోగల అట్టపెట్టెను పది రోజుల ముందు పట్టి ఉంచడంలో అర్థం లేదు. 45 రోజులు పట్టే మోటారును మాత్రం ముందుగానే ఆర్డర్‌కు ముడివేయాలి, లేకపోతే అత్యవసరం కాని ఏ సర్వీస్ డిమాండో దాన్ని ఎగరేసుకుపోతుంది. కాబట్టి గడువును ఐటెమ్ మాస్టర్‌లో, అంటే ఒక్కో సరుకు వివరాలుండే రికార్డులో, ఉంచడమే సరైనది. స్క్రూలు, వాషర్ల వంటి చిల్లర సరుకుకైతే రిజర్వేషనే పెట్టకండి. రెండు డబ్బాల పద్ధతిలో ఒకటి ఖాళీ అవగానే నింపుకుంటే చాలు. వాటికి వేల వరుసల రిజర్వేషన్లు పుట్టిస్తే నిజమైన కొరత ఆ గుంపులో కనపడకుండా పోతుంది.

ఇక ఎంత పట్టాలి అన్న లెక్క. పైకి చిన్నదిగా కనిపించే ఈ లెక్కలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. 100 యూనిట్లకు ఒక్కోదానికి 2 భాగాలు, 5 శాతం స్క్రాప్ అనుకుందాం. 200కు 5 శాతం కలిపితే 210. కానీ తీసుకున్నదాంట్లో 5 శాతం పాడై 200 మంచివి మిగలాలంటే 200ను 0.95తో భాగించాలి, 210.5 వస్తుంది, అంటే 211. మీ సాఫ్ట్‌వేర్ ఏ సూత్రం వాడుతుందో, బీఓఎం (ఒక్కో వస్తువుకు ఏ భాగాలు ఎన్ని కావాలో రాసిన జాబితా) రాసినవాళ్లు ఏది మనసులో పెట్టుకుని 5 అని రాశారో రెండూ సరిచూడాలి.

కొలత యూనిట్‌తో వచ్చే చిక్కు ఇంకా ఘోరం. 3 మీటర్ల రాడ్ నుంచి 0.7 మీటర్ల ముక్కలు 100 కావాలి. బీఓఎంలో మీటర్లలో రాస్తే అవసరం 70 మీటర్లు, 3తో భాగిస్తే 23.33, అంటే 24 రాడ్లు. స్టోర్స్ 24 రాడ్లు ఇస్తుంది. రంపం దగ్గర మాత్రం ఒక్కో రాడ్‌కు 4 ముక్కలే వస్తాయి, 20 సెంటీమీటర్ల తుంట మిగులుతుంది, కోతకు పోయేది కూడా అందులోంచే. 24 రాడ్లకు 96 ముక్కలు. ఆఖరి 4 ముక్కల కోసం ఆర్డర్ ఆగిపోతుంది, కావాల్సింది 25 రాడ్లు. కోసి వాడే సరుకు ఏదైనా రాడ్ల సంఖ్యలో, షీట్ల సంఖ్యలో రిజర్వ్ చేయాలి, పొడవులో కాదు.

ఈ రిజర్వేషన్లు పెట్టడానికి రాత్రిపూట దానంతటదే నడిచే ప్రోగ్రామ్, అంటే జాబ్, ఏ వరుసలో పని చేయాలన్నది కూడా ముఖ్యమే. ముందు విడిపించాలి, తర్వాతే పంచాలి. రద్దయిన ఆర్డర్లు, మూసేసిన ఆర్డర్లు, పరిమాణం 100 నుంచి 60కి తగ్గినవి, తేదీ ఇంకా తర్వాతికి జరిగినవి, మొదలవ్వాల్సిన తేదీ దాటినా ఒక్కటీ ఇష్యూ కానివి: వీటి కింద చిక్కుకున్న సరుకు ముందు బయటికి రావాలి. తేదీ దాటినవాటిని మాత్రం ప్లానర్‌కు చూపించాకే వదలండి, కొన్ని నిజంగా రేపే మొదలవుతాయి. ఆ తర్వాత మిగిలిన ఆర్డర్లను ప్రాధాన్యం, మొదలయ్యే తేదీ, ఆర్డర్ నంబర్ వరుసలో పేర్చి పంచాలి. ఆఖరిది ఎందుకంటే, మొదటి రెండూ సమానమైనప్పుడు రోజుకో ఆర్డర్ గెలుస్తుంటే స్టోర్స్ వాళ్లు సిస్టమ్‌ను నమ్మడం మానేస్తారు.

విడిపించే గడువు పట్టే గడువు కన్నా పెద్దదిగా ఉండాలి. మొదలయ్యే తేదీ 5 రోజుల లోపు వస్తే పట్టి, 8 రోజులు దాటి జరిగితేనే వదలాలి. రెండూ 5 అయితే, ప్లానర్ తేదీని ఒక రోజు అటూ ఇటూ జరిపిన ప్రతిసారీ సరుకు చేతులు మారుతుంది. పికింగ్ (స్టోర్స్‌లో సరుకు ఏరి తీయడం) మొదలైన ఆర్డర్ నుంచి మాత్రం జాబ్ ఏదీ లాక్కోకూడదు. అప్పటికే ట్రాలీలో ఉన్న సరుకు కంప్యూటర్‌లో ఇంకొకరి పేరున మారితే తర్వాత సర్దడం నరకం.

సగం దొరికినప్పుడు ఏం చేయాలి? పది భాగాలు కావాల్సిన ఆర్డర్‌కు తొమ్మిది దక్కి ఒకటి లేకపోతే, ఆ తొమ్మిదీ పని చేయకుండా కూర్చుంటాయి, పక్క ఆర్డర్‌ను కూడా ఆపేస్తాయి. ఆ పదోది మొదలయ్యే తేదీ లోపు వస్తుందని సప్లయర్ ఖాయం చేసిన కొనుగోలు ఆర్డర్ ఉంటేనే మిగతావి పట్టి ఉంచాలి. లేకపోతే మొత్తం వదిలేసి, ఆర్డర్‌ను కొరత జాబితాలో పెట్టాలి. ఈ నియమం కఠినంగా అనిపిస్తుంది, ప్లానర్లు మొదట ఒప్పుకోరు. అయినా దీన్ని సడలించకూడదు.

జాబ్ మధ్యలో ఆగిపోయి మళ్లీ నడిస్తే రెట్టింపు పట్టకూడదు. అందుకే ప్రతిసారీ లెక్క మొదటి నుంచి కట్టాలి: మొత్తం అవసరంలోంచి నికరంగా ఇష్యూ అయింది తీసేయాలి, ఇప్పటికే రిజర్వ్ అయింది తీసేయాలి, మిగిలిందే కొత్తగా పట్టాలి. 210 అవసరంలో 120 ఇష్యూ అయి 90 పట్టి ఉంటే మిగిలేది సున్నా. ఇష్యూను తీసివేయడం మరిచిన కోడ్ మళ్లీ 120 పడుతుంది. స్టోర్స్‌కు తిరిగొచ్చిన సరుకును ఇష్యూలోంచి తగ్గించడం మరిస్తే తప్పు ఎదురు దిశలో జరుగుతుంది, ఆర్డర్‌కు సరుకు తక్కువ పడుతుంది.

పగలు ఇద్దరు ప్లానర్లు ఒకే క్షణంలో రెండు ఆర్డర్లు కన్ఫర్మ్ చేస్తే ఇద్దరికీ 500 ఉన్నట్టే కనిపిస్తుంది. చూడటం, రాయడం ఒకే ట్రాన్సాక్షన్‌లో, ఆ స్టాక్ వరుసకు లాక్ వేసి జరగాలి. లాక్‌లు ఎప్పుడూ ఐటెమ్ కోడ్ క్రమంలోనే వేయండి. లేకపోతే ఒక ఆర్డర్ బ్రాకెట్ పట్టుకుని మోటారు కోసం, ఇంకోటి మోటారు పట్టుకుని బ్రాకెట్ కోసం ఎదురుచూస్తూ డెడ్‌లాక్ అవుతుంది.

లాట్ నంబర్ (ఒకేసారి తయారైన లేదా వచ్చిన సరుకు గుంపుకు ఇచ్చే సంఖ్య) దాకా రిజర్వేషన్‌ను ముందుగా దించకపోవడమే మేలు. పరిమాణం వరకే పట్టి, లాట్‌ను పికింగ్ వేళ ఎంచుకోనివ్వండి. గడువు తేదీ ఉన్న సరుకుకు ముందు ముగిసేది ముందు వెళ్లాలి. వారం ముందే లాట్ కట్టేస్తే ఆ వరుస చెడిపోతుంది. రంగు, బ్యాచ్ కలవాల్సిన చోట మాత్రం లాట్ కూడా ముందే కట్టాలి. తనిఖీ పూర్తికాని సరుకును లెక్కలోకి రానివ్వకండి.

వస్తువు తయారయ్యాక అందులో పట్టిన భాగాలను స్టాక్‌లోంచి దానంతటదే తగ్గించే బ్యాక్‌ఫ్లష్ పద్ధతి వాడేచోట ఇంకో మెలిక ఉంది. స్టోర్స్ నుంచి లైన్ పక్క ర్యాక్‌కు సరుకు జరిగినప్పుడు రిజర్వేషన్ కూడా ఆ లొకేషన్‌కు వెంట వెళ్లాలి. వెళ్లకపోతే స్టోర్స్‌లో లేని సరుకు మీద రిజర్వేషన్ మిగిలిపోతుంది. రిజర్వ్ అయిన పరిమాణం చేతిలో ఉన్నదాన్ని మించిన వరుసలు రోజూ ఒక రిపోర్టులో రావాలి, అందులో ఒక్క వరుస ఉన్నా అదే రోజు ఆ ర్యాక్ లెక్కపెట్టించాలి.

మొదలుపెట్టేటప్పుడు జాబ్‌ను రెండు వారాలు సిస్టమ్‌లో ఏమీ రాయకుండా నడపండి. ఏ ఆర్డర్‌కు ఎంత పట్టేదో, ఎవరి నుంచి విడిపించేదో జాబితా మాత్రం ఇవ్వాలి. దాన్ని స్టోర్‌కీపర్ ఆ రోజు నిజంగా ఇచ్చినదాంతో పక్కపక్కన పెట్టి చూస్తే, తేడా వచ్చిన ప్రతి వరుస వెనకా ఐటెమ్ మాస్టర్‌లో ఒక తప్పో, ఎవరూ రాసిపెట్టని ఒక నియమమో బయటపడుతుంది. నిజంగా ఆన్ చేశాక చూస్తూ ఉండాల్సిన అంకె చేత్తో చేసిన అన్‌రిజర్వ్‌ల సంఖ్య. అది తగ్గకపోతే గడువు రోజులు తప్పుగా ఉన్నట్టు, ముందు ఎక్కువ అన్‌రిజర్వ్‌లు పడుతున్న ఐటెమ్‌ల గడువు సరిచేయండి.