ఆ 412 ఎవరిది?

"ఇది ఎలా వచ్చిందని కాదు, ఎవరి దగ్గర్నుంచి వచ్చిందని అడిగాను."

2023 మే నెల ఆఖరి వారం. ఇంగ్లండ్‌లో ఒక కౌన్సిల్ ఆఫీసు, అంటే మన మున్సిపల్ ఆఫీసు లాంటిది. ఆ మాట అన్నావిడకి అరవై దగ్గర పడుతోంది, ముప్ఫయ్యేళ్లుగా అక్కడి పద్దులే చూస్తున్నారు. ఇక్కడ ఎంత పెద్దవాళ్లనైనా పేరు పెట్టే పిలవాలి కాబట్టి పైకి పేరుతోనే పిలుస్తాను. మనసులో మాత్రం మేడమ్‌గారే.

అంతకు పావుగంట ముందు వరకూ నా కాళ్లు నేల మీద లేవు. ఆవిడ బృందం ఏటా రెండు నెలలు కుస్తీ పట్టి కట్టే వార్షిక లెక్కల పుస్తకాన్ని నా ప్రోగ్రాం టీ చల్లారేలోపు కట్టేసింది మరి.

ఆర్థిక సంవత్సరం ఇక్కడా ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకానే. (మనకి ఎవరు అంటించి పోయారో వేరే చెప్పక్కర్లేదు.) ఆ ఏడు ముసాయిదా లెక్కలు మే 31లోగా బయట పెట్టాలి. ఈ రెండు నెలల్లో జరిగేదేమిటంటే, లెడ్జర్ నుంచి వేల కోడ్లు (ఒక్కో రకం జమకీ, ఖర్చుకీ ఇచ్చిన నంబర్లు) ఎక్సెల్‌లోకి దింపుకుంటారు. షీటుకి షీటు ముడేస్తారు. పట్టికలన్నీ తెచ్చి వర్డ్ ఫైలులో అతికిస్తారు. ఆఖరి నిమిషంలో ఒక్క అంకె మారిందా, అది ఆదాయ వ్యయాల పట్టికలో, బ్యాలెన్స్ షీటులో, వెనకున్న నోట్సులో, ముందుమాటలో కూడా మారాలి. ఎక్కడో ఒకచోట పాతది ఉండిపోతుంది. ఆడిటర్ కన్ను సరిగ్గా దాని మీదే పడుతుంది. నేను చేసింది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఏ కోడు ఏ వరసలోకి పోవాలో ఒక పట్టిక రాసి, మిగతా చాకిరీ మిషనుకి అప్పగించాను.

ఆవిడ ఏం చేశారో తెలుసా? ఆ పుస్తకం మొత్తం ప్రింటు తీశారు. పెన్సిలు చెక్కుకుని, పక్కన క్యాలిక్యులేటర్ పెట్టుకుని, నిలువు కూడిక ఒకసారి, అడ్డ కూడిక ఒకసారి. సరిపోయిన ప్రతి అంకె పక్కనా చిన్న టిక్కు. కంప్యూటర్ కూడిన దాన్ని మనిషి మళ్లీ కూడటం చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. నా పని మీద నమ్మకం లేదన్నట్టేగా!

ఇంటికొచ్చాక కూడా ఆ టిక్కులే కళ్ల ముందు. ఎందుకంత మంట అని ఆలోచిస్తే నాన్న గుర్తొచ్చారు. మున్సిపల్ ఆఫీసులో అకౌంట్స్ సెక్షన్ ఆయనది. లోకల్ ఫండ్ ఆడిట్ వాళ్లు దిగే ముందు రాత్రుళ్లు డీసీబీ రిజిస్టర్లు, అంటే పన్నుల పద్దు పుస్తకాలు, ఇంటికి మోసుకొచ్చేవారు. నేను డిమాండు, వసూలు, బకాయి గడగడా చదవాలి. ఆయన పెన్సిలుతో టిక్కు పెట్టాలి. నేను కునికితే ఆ పెన్సిలే నెత్తిన తగిలేది. ఆ రిజిస్టర్ల నుంచి పారిపోవడానికే కంప్యూటర్లు చదివానేమో. ఇంత దూరం వస్తే మళ్లీ అదే పెన్సిలు.

సరే, ఆ 412. లెక్కలు వేలల్లో చూపిస్తారు గనక, 4 లక్షల 12 వేల పౌండ్లు. మన డబ్బుల్లో నాలుగు కోట్ల పైచిలుకు. 'ఇతర ఆదాయం' వరసలో బుద్ధిగా కూర్చుంది. ఆవిడ అడగ్గానే నా పట్టిక తెరిచి, ఫలానా సూత్రం ప్రకారం ఇక్కడికి వచ్చిందని చూపించాను. అప్పుడే పై మాట పడింది.

తవ్వితే తేలింది. 2022లో కరెంటు, గ్యాస్ ధరలు మండిపోతే ప్రభుత్వం ఏ నుంచి డీ బ్యాండు ఇళ్లకి (పన్ను కోసం ఇంటి విలువని బట్టి వేసే తరగతుల్లో కింది నాలుగు) 150 పౌండ్ల చొప్పున కౌన్సిళ్ల ద్వారా పంచింది. దానికోసం ఏడాది మధ్యలో కొత్త కోడు తెరిచారు. అది నా పట్టికలో లేదు. పట్టికలో లేని కోడు ఏదొచ్చినా 'ఇతర' కింద పడేయమని తెలివిగా రాసింది నేనే. పంచగా మిగిలి, తిరిగి కట్టాల్సిన ప్రభుత్వ సొమ్ముని కౌన్సిల్ సంపాదనగా చూపించేశాను. కూడికలు మాత్రం పైసా తేడా లేకుండా సరిపోయాయి.

"ఇందులో మనం పోస్ట్‌మన్‌లం మాత్రమే. ఆ డబ్బు మనది కాదు" అన్నారావిడ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది, నేనూ రెండు మాటలు అనేవాణ్ని.

అననైతే లేదు గానీ లోపల చాలా వాదించుకున్నాను. మా దగ్గర పల్లెటూరి పంచాయతీ చెల్లింపుల వోచర్లు కూడా ఈగ్రామ్‌స్వరాజ్‌లో ఫోన్లోనే కనిపిస్తాయి, దేశమంతటికీ ఒకటే పోర్టల్, మీకేదీ అలాంటిది? 2023 సెప్టెంబర్ నెలాఖరు గడువుకి ఇంగ్లండ్‌లో 467 స్థానిక సంస్థల్లో 5 మాత్రమే ఆడిట్ పూర్తి చేయించుకున్నాయని చదివినప్పుడు, నిజం చెప్పొద్దూ, కాస్త తృప్తిగా కూడా అనిపించింది. చూశావా, టిక్కులు పెట్టినా ఇంతే!

కానీ ఇక్కడిది ఒకటి నన్ను వదల్లేదు. ముసాయిదా పెట్టాక 30 పనిదినాలు లెక్కలు జనానికి తెరిచి ఉంచాలి. 2014 నాటి స్థానిక ఆడిట్ చట్టం ప్రకారం బిల్లులు, వోచర్లు, కాంట్రాక్టులు చూపించమని ఆ ఊరివాళ్లు అడగొచ్చు. మనకీ సమాచార హక్కు ఉంది, నేనేం కాదనను. ఆ వేసవిలో ఒక పెద్దాయన వచ్చాడు, పార్కు కంచె బిల్లు చూపించమని. ఎవరు కొన్నారు, ఎవరు సంతకం పెట్టారు అన్నాడు. ఆవిడ పది నిమిషాల్లో తీసి చేతిలో పెట్టారు. నా ప్రోగ్రాంని అడిగి ఉంటే కంచె ఏ వరసలో ఉందో చెప్పేది, అంతే.

తర్వాత నేను 'ఇతర' అనే ఆ చెత్తబుట్ట తీసేశాను. ఇప్పుడు తెలియని కోడు వస్తే రిపోర్టు ఆగిపోతుంది. ప్రతి వరసకీ ఆ డబ్బు గురించి ఎవర్ని అడగాలో మనిషి పేరు చేర్చాను. ఆ ఏర్పాటు చూసి ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు నా బల్ల మీద కొత్త పెన్సిలు ఒకటి ఉంది.

ఆ ఆదివారం నాన్నకి ఫోన్ చేసి కథంతా చెప్పాను. పోస్ట్‌మన్ మాట దగ్గర ఆయన ఆగారు.

"మనకి గ్రంథాలయ సెస్సు ఉందిగా, అలాంటిదే. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు. వసూలు చేసేది మనం, సొమ్ము లైబ్రరీ వాళ్లది."

"మరి మీరు ఎప్పటికప్పుడు కట్టేసేవారా?"

కాసేపు టీవీ చప్పుడే వినిపించింది.

"పారిశుద్ధ్యం వాళ్లకి రెండేసి నెలలు జీతాల్లేకపోతే ఏం చేస్తాంరా" అన్నారు. "రిజిస్టర్లో మాత్రం బకాయి చూపించేవాణ్ని. ప్రతి ఏడూ చూపించాను."