కొత్తదైతే ఎలాగూ పాసవుద్ది

ముందే చెప్పేస్తున్నా, నేను అణు విద్యుత్ కేంద్రంలో పని చెయ్యను. ఒడిశా బరంపురంలో మా చుట్టాల్లో సగం మంది మావాడు అమెరికాలో ఆటంబాంబు ఫ్యాక్టరీలో ఉన్నాడనుకుంటారు, మిగతా సగం మంది నా జుట్టు ఊడింది రేడియేషన్ వల్లే అని తీర్మానించేశారు (మా నాన్నకీ ముప్పై దాటేసరికి బట్టతలే, ఆయన జీవితమంతా పట్టుచీరల కొట్లో కూర్చున్నాడు, అది మాత్రం ఎవరికీ గుర్తు రాదు). నేనుండేది అలబామాలో ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో. రియాక్టర్ దగ్గర బిగించే కేబుళ్లు, ప్రెషర్ ట్రాన్స్‌మిటర్లు, సొలినాయిడ్ వాల్వులు, కనెక్టర్లు, వాల్వుల్ని తిప్పే మోటార్లు మా దగ్గరకి డబ్బాల్లో వస్తాయి, వాటిని రకరకాలుగా హింసపెట్టి, ఇంకా పని చేస్తున్నాయా లేదా చూసి, కాగితం రాసిస్తాం.

హింస ఎందుకంటే, రియాక్టర్ చుట్టూ పెద్ద కాంక్రీటు గుమ్మటం ఉంటది కదా, కంటైన్‌మెంట్ అంటారు, దాని లోపల పెద్ద పైపు ఒకటి పగిలిందనుకోండి, అంత ప్రెషర్‌లో ఉన్న వేడి నీళ్లు ఒక్కసారిగా ఆవిరైపోయి గుమ్మటమంతా నిండిపోద్ది. దీన్నే లోకా అంటాం, లాస్ ఆఫ్ కూలెంట్ యాక్సిడెంట్, అంటే రియాక్టర్‌ని చల్లగా ఉంచే నీళ్లు బయటకి పోయే ప్రమాదం. సరిగ్గా ఆ టైంలోనే మూసుకోవాల్సిన వాల్వు మూసుకోవాలి, లోపల ప్రెషర్ ఎంతుందో ట్రాన్స్‌మిటర్ బయటకి సరిగ్గా చెప్పాలి. మామూలు రోజున ఏ సెన్సరైనా పని చేస్తది, దానికి జీతం ఇచ్చేది మాత్రం ఆ ఒక్క రోజు కోసం. 1979 మార్చి 28న అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక రిలీఫ్ వాల్వు (ఎక్కువైన ప్రెషర్‌ని వదిలేది) తెరుచుకుని అలాగే ఉండిపోయింది, కంట్రోల్ రూములో లైటు మాత్రం ఆరిపోయింది, ఆ లైటు చెప్పేది మూసుకోమని కరెంటు సిగ్నల్ వెళ్లిందనే గానీ వాల్వు నిజంగా మూసుకుందని కాదు. ఆపరేటర్లు లైటుని నమ్మారు, ఇంధనం ఉండే కోర్ సగం వరకూ కరిగిపోయింది. పరికరాల్ని ఎలా పరీక్ష చెయ్యాలో ఐట్రిపుల్‌ఈ అనే ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంఘం వాళ్ల 323 అనే స్టాండర్డ్ అప్పటికే ఉంది, 1974 ఎడిషన్‌నే ఇప్పటికీ మేం ఎక్కువగా తిరగేస్తాం. తర్వాత 1983లో 10 సీఎఫ్‌ఆర్ 50.49 అని అమెరికా ప్రభుత్వ రూలు వచ్చి, ఏవేవి ఇలా పరీక్షించి క్వాలిఫై చేసి తీరాలో, దానికి ఏ రికార్డు ఉంచాలో గట్టిగా రాసి పడేసింది.

ఇదంతా బరంపురంలో ఇంట్లో చెప్తుంటే అందరూ బుర్ర ఊపారు గానీ అసలు ప్రశ్న అడిగింది మా బావ ఒక్కడే. బావ గంజాం జిల్లాలో కరెంటు లైన్ల మీద పని చేసి రిటైరయ్యాడు. 2013 అక్టోబర్ 12న పైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, ఆ తర్వాత వారాల తరబడి ఇంటికి రాకుండా స్తంభాలు నిలబెట్టిన బ్యాచ్. "మీరు టెస్టు చేసేది కొత్తదాన్నా పాతదాన్నా?" అన్నాడు. కొత్తదే వస్తది బావా కంపెనీ నుంచి అన్నాను. "అయితే ఏటి లాభం, కొత్తదైతే ఎలాగూ పాసవుద్ది. ఇరవై ఏళ్లు గోపాల్‌పూర్ ఉప్పుగాలి తిన్న ఇన్సులేటర్‌ని పట్టుకొచ్చి గాలివానలో పెట్టి చూపించమను."

మా ఫీల్డ్ మొత్తం ఆ ఒక్క మాట మీదే నిలబడింది, నిజంగా. యాక్సిడెంట్ ప్లాంటు తెరిచిన మొదటి రోజే రావాలని లేదు, ముప్పైతొమ్మిదో ఏట రావచ్చు. అప్పటికి ఆ కేబుల్ రబ్బరు వేడికి ఎండిపోయి గట్టిపడిపోయి ఉంటది, గామా కిరణాలు తిని ఉంటది, పంపుల అదురుకి నట్లు వదులై ఉంటాయి. అందుకని కొత్తదాన్ని ముందు ముసలిదాన్ని చెయ్యాలి, ఆ తర్వాతే యాక్సిడెంట్ చూపించాలి. వరస మారిస్తే టెస్టు చెల్లదు. పక్కనే అప్పడాల పిండి కలుపుతున్న మా పెద్దమ్మ "ఎండబెట్టి కదరా నూనెలో వేస్తాం, పచ్చిది వేస్తే ఏటి తెలుస్తది" అంది, మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకి గంటసేపు స్లైడ్లు వేసి చెప్పేది అదే.

ముసలిదాన్ని చెయ్యడం అంటే ఓవెన్. ఇక్కడ 1889 నాటి లెక్క ఒకటి వాడతాం, స్వీడన్ కెమిస్టు స్వాంటే అర్హీనియస్ ది, వేడి పెరిగితే రసాయన చర్య ఎంత జోరుగా సాగుద్దో చెప్పే ఈక్వేషన్. ప్రతి ప్లాస్టిక్‌కీ రబ్బరుకీ యాక్టివేషన్ ఎనర్జీ అని ఒక అంకె ఉంటది, ఎలక్ట్రాన్ వోల్టుల్లో, వేడి పెరిగితే అది పాడవడం ఎంత జోరందుకుంటదో చెప్పేది. ఆ అంకె 1 అనుకుంటే, 50 డిగ్రీల దగ్గర 40 ఏళ్లు బతకాల్సిన ఇన్సులేషన్‌ని 130 డిగ్రీల ఓవెన్‌లో సుమారు 12 రోజులు పెడితే చాలు, 40 ఏళ్లు గడిచిపోయినట్టే లెక్క. అదే అంకె 0.9 అయితే? 24 రోజులు. చూశారా, అంకె పదో వంతు తగ్గితే రోజులు డబుల్ అయిపోయాయి. ఓవెన్ రోజుకి డబ్బులు కట్టేది కస్టమర్ కాబట్టి కస్టమర్‌కి పెద్ద అంకె అంటే ప్రాణం, ఎక్కడో పాత పేపర్‌లో వేరే ఫార్ములాతో చేసిన రబ్బరుకి వచ్చిన అంకె పట్టుకొచ్చి ఇదే మాది అంటారు, మీ మెటీరియల్ మీదే కొలిచిన డేటా ఇవ్వండి అని మేం అంటాం, మెయిళ్లు నడుస్తాయి నెలల తరబడి. ఈ ఉద్యోగంలో నా జుట్టు ఊడితే ఈ మెయిళ్ల వల్ల ఊడుండాలి.

తర్వాత రేడియేషన్. ఇది మా బిల్డింగ్‌లో జరగదు, గామా కిరణాలు వదిలే కోబాల్ట్-60 ఉన్న వేరే చోటుకి ట్రక్కులో పంపుతాం, సిరంజీలు స్టెరిలైజ్ చెయ్యడానికి వాడేదీ అదే కోబాల్ట్. ఎక్కువగా వాడే మోతాదు 200 మెగారాడ్లు, అంటే 20 లక్షల గ్రే (రాడ్, గ్రే రెండూ రేడియేషన్ మోతాదు కొలిచే యూనిట్లే). మనిషికి ఒళ్లంతా 4, 5 గ్రేలు పడితే, వైద్యం అందకపోతే సగం మంది బతకరు, దాంతో పోల్చుకోండి. తిరిగొచ్చిన ముక్కల్ని చూస్తే ఒక్కోటి ఒక్కో రకం, వేడికి అస్సలు లొంగని టెఫ్లాన్ ఈ గామాకి పెళుసైపోయి గోటితో గీరితే రాలిపోద్ది, చవకగా కనిపించే కొన్ని రబ్బర్లు మాత్రం రంగు మారి ఊరుకుంటాయి. వాటిని మామూలు గ్లౌజులతో పట్టుకుంటాం, ఎందుకంటే కోబాల్ట్ గామా తగిలిన వస్తువు తను రేడియోయాక్టివ్ అవ్వదు. ఈ ముక్క పెద్దమ్మకి నమ్మించడం నా వల్ల కాలేదు, నా బట్టలు విడిగానే ఉతికిస్తది.

నవ్వొచ్చే విషయం ఏటంటే మా బరంపురం పక్కనే ఛత్రపురం సముద్రపు ఇసకలో మోనజైట్ ఉంది, అందులో థోరియం ఉంటది, ఐఆర్‌ఈఎల్ అనే ప్రభుత్వ కంపెనీ వాళ్లు దశాబ్దాలుగా ఆ ఇసకని వేరు చేస్తున్నారు, ఆ తీరంలో సహజంగానే రేడియేషన్ మామూలు చోట్ల కంటే ఎక్కువ. పిక్నిక్ అని అక్కడ ఇసకలో పొర్లి వచ్చిన పిల్లల బట్టలు మాత్రం అన్నిటితో కలిపే ఉతుకుతారు.

భూకంపం టెస్టు గురించి పెద్దగా చెప్పను, చూడ్డానికి బావుంటది గానీ తొందరగా అయిపోద్ది. పెద్ద టేబుల్ మీద బిగించి ముందు ఓ మాదిరి భూకంపాలు ఐదు, ఆ తర్వాత ఆ సైట్‌కి ఊహించిన అతి పెద్దది ఒకటి.

లోకా చాంబర్ దగ్గరే నా అసలు బతుకు. మందపాటి స్టీలు పాత్ర, లోపల శాంపిల్స్ కరెంటు లోడుతో నడుస్తూ ఉండగానే ఆవిరిని ఒక్కసారిగా వదులుతాం, సుమారు 10 సెకన్లలో టెంపరేచర్ శిఖరానికి చేరాలి, కొన్ని టెస్టుల్లో 170 డిగ్రీలు. ఒకసారి కాదు, దించి మళ్లీ రెండోసారి కూడా. ప్లాంటు లెక్కలో వచ్చిన దాని మీద మార్జిన్ కూడా కలుపుతాం, టెంపరేచర్‌కి 8 డిగ్రీలు, ప్రెషర్‌కి 10 శాతం. పైనుంచి బోరిక్ యాసిడ్, సోడియం హైడ్రాక్సైడ్ కలిపిన నీళ్ల స్ప్రే, ఎందుకంటే నిజమైన ప్లాంటులో కూడా ఆవిరిని చల్లార్చడానికి అలాంటిదే చల్లుతారు. మొదటి రోజంతా అందరూ అక్కడే ఉంటారు, మేనేజర్లు, కస్టమర్ మనుషులు, డోనట్లు, హడావుడి. ఆ తర్వాత టెంపరేచర్ మెల్లగా దించుతూ నెల వరకూ నడిపేవి ఉంటాయి, అప్పుడు ఎవరూ ఉండరు, నైట్ షిఫ్టులో నేనూ, స్క్రీన్ మీద లీకేజీ కరెంటు (ఇన్సులేషన్ దాటి కారిపోయే కరెంటు) గీతా. అక్కడ రాత్రి రెండంటే ఎండాకాలంలో ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర, బ్రేక్‌లో అమ్మకి ఫోన్ చేస్తే "తిన్నావా" అని అడుగుద్ది, ఏ పూట తిండి అని చెప్పాలో తెలీదు.

చూసి చూసి నాకర్థమైంది ఏటంటే వైరు చావదు, వైరు చివర చస్తది. కనెక్టరు, సీలు, ఓ-రింగు, వైరు లోపలికి దూరే కన్నం. ఆవిరి అక్కడ్నుంచి దూరి డబ్బా లోపల చల్లబడి నీళ్లవుతది, వైర్లు బిగించే టెర్మినల్ బ్లాక్ మీద పల్చటి తడి పొరలా పరుచుకుంటది, ఆ పొర గుండా కరెంటు పాకి, ట్రాన్స్‌మిటర్ ఆగిపోకుండా తప్పు రీడింగ్ ఇవ్వడం మొదలెడతది. ఆగిపోతే నయం. తప్పు చెప్పే మీటరే భయం. ఫుకుషిమాలో 2011లో మొదటి యూనిట్ నీటిమట్టం చూపించే మీటర్ అలాగే చేసింది, పోలిక కోసం పక్క పైపులో ఉండాల్సిన నీళ్లు వేడికి ఆవిరైపోయేసరికి లోపల ఉన్నదాని కంటే ఎక్కువ నీళ్లున్నట్టు చూపించింది. బావకి ఇది చెప్తే ఉప్పు పేరుకున్న ఇన్సులేటర్ మీద మంచు పడ్డ తెల్లారుజామున వచ్చే చిటపట గురించి చెప్పాడు, ఇద్దరం అరగంట మాట్లాడుకున్నాం, పక్కన మా అక్క "ఇదేం సంబరంరా మీకు" అని లేచిపోయింది.

ఏదైనా ఫెయిల్ అయితే అనామలీ నోటీస్ రాయాలి, అంటే ఏం తేడా వచ్చిందో చెప్పే కాగితం. లాగ్‌బుక్‌లో పెన్నుతోనే రాయాలి, తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన ఇనీషియల్స్, తేదీ, వైట్‌నర్ కనబడిందంటే పెద్ద గొడవ. ఒక కస్టమర్ తన కనెక్టర్ మూడో రోజు పోతే, మీ టెక్నీషియన్ సరిగ్గా బిగించలేదు కాబట్టి ఇది ఫెయిల్యూర్‌గా లెక్కపెట్టకండి అని పట్టుబట్టాడు. ఎంత గట్టిగా బిగించామో కొలిచే టార్క్ రెంచి రికార్డు, దాని కాలిబ్రేషన్ స్టిక్కర్ ఫోటో చూపించాక సద్దుమణిగాడు. కాగితానికి ఇంత రాద్ధాంతం అవసరమా అనిపిస్తే దక్షిణ కొరియా గుర్తు తెచ్చుకోండి, 2013లో కంట్రోల్ కేబుళ్ల టెస్టు రిపోర్టులు ఫోర్జరీ అని తేలి, నడుస్తున్న రియాక్టర్లు రెండు ఆపించేశారు. కేబుల్ మార్చడం అంటే గోడల్లోంచి లాగడం, అదేమీ బల్బు కాదు. మా అలబామాలోనే బ్రౌన్స్ ఫెర్రీ అణు విద్యుత్ కేంద్రంలో 1975లో గాలి లీకేజీ ఉందా లేదా అని కొవ్వొత్తి పెట్టి చూడబోతే మంట అంటుకుని 1600కి పైగా కేబుళ్లు పాడయ్యాయి, ల్యాబ్‌లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇక్కడ ఇంకోటి కూడా చెప్పాలి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నందుకు కొన్ని డ్రాయింగులు నాకు చూపించరు, ఎక్స్‌పోర్ట్ కంట్రోల్ అంటారు. నేను నెల రోజులు కాపలా కాసిన శాంపిల్ గురించి మీటింగ్ అయితే నేను బయట కాఫీ మెషీన్ దగ్గర నిలబడి ఉంటా. మొదట్లో మండేది. ఇప్పుడూ మండుద్ది గానీ కాఫీ తాగుతా.

నాకున్న అసలు అనుమానం వేరే. ఓవెన్‌లో తొందరగా ముసలిదైన రబ్బరూ నలభై ఏళ్లు మెల్లగా ముసలిదైన రబ్బరూ ఒకటేనా? వేడి ఎక్కువ పెడితే పైపొర ముందే గట్టిపడిపోయి ఆక్సిజన్ లోపలికి వెళ్లలేదు, నిజం ప్లాంటులో అయితే మెల్లగా లోపలి దాకా వెళ్తది. రేడియేషన్‌తోనూ అంతే, గబగబా పోస్తే ఒక రకం, కొంచెం కొంచెంగా తగిలితే ఒక రకం. ఇప్పుడు అమెరికాలో 40 ఏళ్ల లైసెన్సులు 60కి పెరిగాయి, కొన్నిటికి 80 కూడా ఇచ్చారు. అందుకే పాత ప్లాంట్లలోంచి నిజంగా ముసలైన కేబుళ్లు పీకి తెచ్చి చూసే పని పెరుగుతోంది. అంటే బావ చెప్పినట్టే, ఉప్పుగాలి తిన్న ఇన్సులేటర్‌నే పట్టుకురావడం. నాకు ఓవెన్ లెక్కల కంటే ఆ పీకి తెచ్చిన ముక్కల మీదే నమ్మకం, అవి దొరికేది కొంచెమే అయినా.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు రియాక్టర్లు వస్తాయని ఎప్పట్నుంచో అంటున్నారు కాబట్టి ఇచ్ఛాపురం నుంచి వచ్చిన చుట్టాలు అది మంచిదా చెడ్డదా అని నన్నడిగారు. ఒక్క మాటలో చెప్పడానికి నేనెవర్ని, లోపల బిగించే ట్రాన్స్‌మిటర్‌ని ఎలా ముసలిదాన్ని చేశారు, ఏ అంకె వాడారు అని అడగండి అన్నాను. వాళ్లకి నచ్చలేదు, ఔనో కాదో కావాలి వాళ్లకి.

మా మేనల్లుడు మాత్రం శ్రద్ధగా విన్నాడు, ఎలక్ట్రికల్ డిప్లొమా చదువుతున్నాడు. ఇలాంటి పనికి అమెరికాకే రానక్కర్లేదురా, బెంగళూరులో సీపీఆర్‌ఐ అనే కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థలో భూకంపం టేబుల్ ఉంది, హైదరాబాద్ ఈసీఐఎల్ రియాక్టర్ల ఇన్‌స్ట్రుమెంట్లు చేస్తది, ముందు కొలతలు సరిగ్గా తియ్యడం, చూసింది చూసినట్టు రాయడం నేర్చుకో అని చెప్పాను. అంతా విని "నైట్ షిఫ్టుకి ఎక్స్‌ట్రా ఇస్తారా మావయ్యా?" అన్నాడు. ఇస్తారు.