జాబితాలో పేరుంటేనే బస్సులో సీటు

మన బడిలో సాంఘికశాస్త్రం సార్లు ఆఫ్రికా పటం మీద తెల్ల నైలు, నీలి నైలు కలిసే చోటు చూపించి ఖార్టూమ్ అని చెప్పేవారు. 2023 ఏప్రిల్ 15న ఆ నగరంలోనే సూడాన్ సైన్యానికీ, ఆర్‌ఎస్‌ఎఫ్ (రాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్) అనే సాయుధ దళానికీ యుద్ధం మొదలైంది. పాలమూరు, నల్లగొండ పల్లెల నుంచి పని కోసం దేశాలు పోయిన పిల్లలు మన చుట్టాల్లోనే ఉన్నారు. అలాంటి రోజు వస్తే ఏం జరుగుతుందో మన సంచికలో ఉండాలని ఇది రాస్తున్నాను.

అంతర్యుద్ధంలో దౌత్యానికి మొదటి చిక్కు, ఎవరితో మాట్లాడాలన్నదే. గుర్తింపు ఒక ప్రభుత్వానికే ఉంటుంది, దారిలో తుపాకీ పట్టుకుని నిలబడేది రెండో పక్షం. అందుకే ఇద్దరితోనూ, ఇద్దరికీ దగ్గరైన పొరుగు దేశాలతోనూ ఒకేసారి మాట్లాడాల్సి వస్తుంది. ఏప్రిల్ 24 అర్ధరాత్రి నుంచి అమెరికా మధ్యవర్తిత్వంతో 72 గంటల కాల్పుల విరమణ కుదిరింది గానీ ఖార్టూమ్‌లో కాల్పులు పూర్తిగా ఆగలేదు. విమానాశ్రయం మూతపడింది. ఇక మిగిలింది పోర్ట్ సూడాన్ రేవుకు పోయే సుమారు 850 కిలోమీటర్ల రోడ్డు. బస్సు దొరకాలి, దొరికితే డీజిల్ ఉండాలి, అదీ ఉంటే చెక్‌పోస్టులు దాటనివ్వాలి. రేవు నుంచి మనవాళ్లను మన నౌకాదళ ఓడల్లో, వాయుసేన విమానాల్లో ఎర్రసముద్రం దాటించి సౌదీలోని జెద్దాకు చేర్చారు. ఐఎన్‌ఎస్ సుమేధ అనే ఓడలో మొదట వచ్చినవారు 278 మంది. రేవు చేరలేనివారి కోసం ఖార్టూమ్‌కు ఉత్తరాన వాది సయ్యద్నాలో, లైట్లు లేని రన్‌వే మీద, చీకట్లో చూపించే నైట్ విజన్ గాగుల్స్‌తో వాయుసేన సి-130జె విమానం దింపి 121 మందిని తెచ్చారు. ఆపరేషన్ కావేరి అని పేరు పెట్టిన ఈ తరలింపులో మొత్తం 3,862 మంది బయటపడ్డారు. ఆ పైలట్లకు ఎంత దండం పెట్టినా తక్కువే.

సూడానీలకు మాత్రం అలా తీసుకెళ్లే విమానం లేదు. మే 11న జెద్దాలో రెండు పక్షాలూ పౌరులను కాపాడతామని, సాయాన్ని అడ్డుకోమని సంతకాలు చేశాయి. మాట తప్పితే నిలదీసే ఏర్పాటు లేక అది నిలవలేదు.

ఇంటివాళ్ల పని ప్రయాణానికి ముందే మొదలవుతుంది. సూడాన్, యెమెన్, లిబియా ఇసిఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమైన) జాబితాలో ఉన్న 18 దేశాల్లోవి. పదో తరగతి పాస్ కానివారు అక్కడికి పనికి పోవాలంటే ముందుగా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అనే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఏజెంటు విజిట్ వీసా మీద పంపిస్తే ఆ పిల్లవాడు పనికి పోయినట్టు ఏ రికార్డులోనూ ఉండదు. యుద్ధం వచ్చాక రాయబార కార్యాలయం అతణ్ని ఎక్కడని వెతుకుతుంది? చేరిన వారంలోనే అక్కడి మన రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించండి. పాస్‌పోర్టు పని ఇచ్చిన యజమాని దగ్గరే చిక్కుకుపోతే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు, అది ఇండియాకు ఒక్క ప్రయాణానికే పనికొస్తుంది. మనవాడేనని తేల్చడంలోనే ఆలస్యం, కాబట్టి పాస్‌పోర్టు జిరాక్సు ఇంట్లో ఉంచుకోండి. ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేక సూడాన్ నుంచి వచ్చినవారిలో కొందరు ఇక్కడికొచ్చాక క్వారంటైన్‌లో ఉండాల్సి వచ్చింది. టీకా వేసుకున్న 10 రోజులకు గానీ ఆ కార్డు చెల్లదు, అందుకే పోయే ముందే వేయించాలి.

కాల్పులు మొదలయ్యాక ఊరికే వీడియో కాల్ చేయకండి. కరెంటు లేని ఊళ్లో ఆ ఫోన్‌లో మిగిలిన ఛార్జింగ్ బస్సు ఎక్కడికొస్తుందో చెప్పే మెసేజ్ కోసం కావాలి. ఇక్కడి నుంచి విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో (విదేశాల్లోని మనవాళ్ల ఫిర్యాదుల వెబ్‌సైట్) వివరాలు నమోదు చేసి, వచ్చిన నంబరు రాసి పెట్టుకోండి.