దొంగపాట పెంచిన డబ్బు నాది కాదు

నిజాం నాణేలు సేకరించేవాళ్లకు ‘సగం ఐన్’ రూపాయి అంటే ప్రాణం. ఆరో నిజాం హయాంలో హాలీ సిక్కా (నిజాం రాజ్యపు సొంత నాణెం) మీద చార్మినార్ బొమ్మ వచ్చింది. 1911లో ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక ఆ బొమ్మ ద్వారంలో, ఉర్దూలో ఆయన పేరు రాస్తే మొదట వచ్చే అక్షరం ‘ఐన్’ వేయించారు. తొలినాళ్ల నాణేల్లో ఆ అక్షరం సగమే కనిపిస్తుంది. తర్వాతి వాటిలో నిండుగా ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తేగాని తెలియని ఆ కాస్త తేడాకే వేలంలో ధర మారిపోతుంది.

నా దగ్గర అలాంటివి రెండుంటే ఒకటి మా వాట్సాప్ గ్రూపులో వేలానికి పెట్టాను. 2018 ఆగస్టులో ఈబే ఇండియా మూతపడ్డాక మాలాంటి చిన్న అమ్మకందార్లం ఇలాంటి గ్రూపుల్లోనే అమ్ముకుంటున్నాం. ఆదివారం రాత్రి తొమ్మిదికి పాట ముగింపు. మొదలు ధర రెండు వేలు. హైదరాబాద్‌లో చదువుకునే ఒక కుర్రాడు 2,900 దాకా వచ్చి ఆగిపోయాడు. నిజామాబాద్ పెద్దాయన ఒకరు 3,000 అన్నారు. నా లెక్కలో ఆ నాణేనికి అది మంచి ధరే.

ముగింపుకు పది నిమిషాల ముందు కొత్త నంబరు ఒకటి దిగింది. డీపీలో గులాబీ పువ్వు, పేరు లేదు. అతను 3,200 అంటే పెద్దాయన 3,500 అన్నారు. అతను 3,800 అంటే ఈయన 4,200. అప్పుడు అతను ఒక్కసారిగా 6,000 పాడాడు. పెద్దాయన ఆగిపోయారు. తొమ్మిదయింది. గ్రూపులో చప్పట్ల బొమ్మలు, అభినందనలు. అతనికి అకౌంట్ వివరాలు పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి కానీ జవాబు లేదు. మర్నాటికి నన్ను బ్లాక్ చేసి, గ్రూపులోంచి కూడా వెళ్లిపోయాడు.

ఇలాంటప్పుడు చాలామంది చేసే పని ఒకటుంది. రెండో స్థానంలో ఉన్నాయనకు ఫోన్ చేసి, ‘మీరు చివరగా పాడిన 4,200కే ఇస్తాను, తీసుకోండి’ అంటారు. పెద్ద పెద్ద వేలం సైట్లలో కూడా రెండో బిడ్డర్‌కు అతని ఆఖరి ధరకే ఇవ్వజూపే ఏర్పాటు ఉంది. నేను పెద్దాయనకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగారు: “సార్, తప్పుగా అనుకోకండి. ఆ గులాబీ పువ్వు మీ మనిషేనా?”

నాకు కోపం రాలేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేవాణ్ణి. ధర పెంచడానికి స్నేహితుడితోనో, బావమరిదితోనో పాడించే అమ్మకందార్లు ఉన్నారు. మన చట్టానికీ ఆ సంగతి తెలుసు. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 64వ సెక్షన్‌లో వేలంపాటల గురించే ఉంది. ధర పెంచడానికి అమ్మేవాడు ఉత్తుత్తి పాటలు పాడిస్తే, ఆ అమ్మకాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నవాడికి ఉంటుందని అందులో స్పష్టంగా రాసి ఉంది.

ఆ గులాబీ పువ్వు నా మనిషి కాదు. కానీ పెద్దాయన కోణం నుంచి చూడండి. నా మనిషైనా, ఎవరో ఆకతాయి అయినా ఆయన జేబుకు పడే చిల్లు ఒకటే. కొనే ఉద్దేశమే లేనివాడితో పోటీపడి ఆయన 1,200 ఎక్కువ పాడారు. అందుకని ఆ నంబరు పాడినవన్నీ కొట్టేసి లెక్క మళ్లీ చూశాను. 2,900 దగ్గర కుర్రాడు ఆగాడు, 3,000 దగ్గర పెద్దాయన ఉన్నారు. అసలు పాట అక్కడే ముగిసింది. కాబట్టి ధర 3,000. ఆ మాటే చెప్పి, పాటల జాబితా మొత్తం ఆయనకు పంపాను. నాణెం నిజామాబాద్ వెళ్లింది.

దీని మీద మా గ్రూపులో పెద్ద చర్చే నడిచింది. ‘ఆయన ఇష్టపడే కదా 4,200 అన్నాడు, ఎవరూ బలవంతం చేయలేదు కదా’ అని ఒక మిత్రుడి వాదన. ఇష్టపడే అన్నారు, నిజమే. ఎదుటివాడు కూడా తనలాగే ఆ నాణెం కోసం ఆశపడుతున్నాడని నమ్మి అన్నారు. ఆ నమ్మకం అబద్ధమని తేలాక ఆ ధరకు విలువేముంది? వేలంలో ధర పుట్టేది ఇద్దరి ఆశల మధ్య. ఒక ఆశ ఉత్తదైతే మిగిలిన రెండో ఆశను నేను వాడుకోకూడదు.

దొంగ పాటగాళ్లందరూ ఒక రకం కాదు. కొందరికి ఇది కాలక్షేపం. కొందరు తమ దగ్గరున్న అలాంటి నాణేనికి గిరాకీ పెంచుకోవడానికి పక్కవాడి వేలంలో ధర లేపుతారు. ఇంకో పద్ధతి చాలా తెలివైనది. ఒకడు తక్కువకు పాడతాడు, అతని తోడుదొంగ వెంటనే ఆకాశమంత ధర పాడతాడు. అది చూసి మిగతావాళ్లు తప్పుకుంటారు. చివరి నిమిషంలో రెండోవాడు తన పాట వెనక్కి తీసుకుంటాడు, మొదటివాడికి చవగ్గా దక్కుతుంది. అందుకే ముగింపు దగ్గర పాట మారితే ఐదు నిమిషాల గడువు పెంచుతున్నాను.

నాణెం నిజంగా కావాలనుకునేవాణ్ణి గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. అతను ప్రశ్నలు అడుగుతాడు. తూకం ఎంత అంటాడు (మంచి స్థితిలో ఉన్న హాలీ రూపాయి పదకొండు గ్రాముల పైచిలుకు తూగుతుంది). అంచు ఫోటో పెట్టమంటాడు. మన ఇళ్లల్లో ఈ రూపాయలకు కొక్కెం అతికించి దండల్లో వేసుకునేవారు కాబట్టి, పైఅంచున టంకం మచ్చ ఉందా అని తప్పకుండా అడుగుతాడు. చింతపండుతో తోమారా అని కూడా అడుగుతాడు. తోమితే వెండి మెరుస్తుంది గానీ, సేకరించేవాడి కంట్లో దాని విలువ పడిపోతుంది. ఇవేవీ అడక్కుండా వేలకు వేలు పాడేవాణ్ణి చూస్తే నాకు అనుమానం మొదలవుతుంది.

విదేశం నుంచి పాడుతున్నానని చెప్పేవాళ్లను అసలు చేర్చుకోను. నూరేళ్లు దాటిన నాణేన్ని మామూలు అమ్మకందారు దేశం దాటించడం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నేరం.

అసలు ప్రమాదం డబ్బు దగ్గర వస్తుంది. గెలిచినవాడు డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ పెడతాడు. లేదా ‘పొరపాటున ఎక్కువ పంపాను, తేడా వెనక్కి వేయండి’ అంటాడు. ‘ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీకు డబ్బు పడుతుంది’ అనేవాళ్లూ ఉన్నారు. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. స్క్రీన్‌షాట్ ఎంత చక్కగా ఉన్నా, నా బ్యాంకు ఖాతాలో జమ కనిపించాకే పార్శిల్ కడతాను. మోసపోయిన మనిషి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. పాత నాణేల అమ్మకానికి రిజర్వు బ్యాంకు ఫీజు, కమిషన్ అంటూ ఎవరైనా అడిగితే అది పచ్చి మోసం. 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ఆ హెచ్చరిక చేసింది.

ఊళ్లో వేలంపాటకు ముందు ధరావతు కట్టించుకుంటారు కదా, ఇప్పుడు నేనూ అదే పెట్టాను. కొత్తవాళ్లు పాడాలంటే ముందు 300 కట్టాలి. పాట దక్కకపోతే ఆ రాత్రే తిరిగి వేసేస్తాను. గెలిచి రెండు రోజుల్లో డబ్బు కట్టకపోతే ఆ 300 రెండో పాటగాడికి తగ్గింపుగా ఇస్తాను, నేను ఉంచుకోను. ధరావతు వల్ల పాడేవాళ్లు తగ్గారు, ధరలూ కొంచెం తగ్గాయి. విద్యార్థులకు ఇబ్బందవుతుందని కొందరు అన్నారు, ఆ మాట న్యాయమే. పాతవాళ్లు ఎవరైనా ఫలానా కుర్రాడు నాకు తెలుసని చెబితే అతని దగ్గర ధరావతు తీసుకోవడం లేదు. 2,900 దగ్గర ఆగిన కుర్రాడు ఇప్పుడలాగే పాడుతున్నాడు, అతని పూచీ నిజామాబాద్ పెద్దాయనది.